అర్ధ చక్రాసనం: ఎంత వంగాలి, ఎలా తిరిగి రావాలి



ఏటా జూన్ 21న మనం యోగా దినోత్సవం జరుపుకుంటాం. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న ఈ రోజును ప్రకటించింది. 2015లో మొదటిసారి జరిగింది. ఆ రోజు దేశమంతటా ఒకే వరసలో ఆసనాలు వేయడానికి ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒక ఉమ్మడి క్రమాన్ని తయారు చేసింది. అందులో నిలబడి చేసే ఆసనాలు తాడాసనంతో మొదలవుతాయి. వృక్షాసనం, పాదహస్తాసనం అయ్యాక అర్ధ చక్రాసనం వస్తుంది. నిలబడి, నడుముకు చేతులు ఆనించి, వెనక్కి మెల్లగా వంగే ఆసనం ఇది.

మీరు జోధ్‌పూర్‌లో ఉన్నా, గువాహటిలో ఉన్నా, విశాఖపట్నంలో ఉన్నా ఆ వరస మారదు. అమ్మకో నాన్నకో బదిలీ అయి కొత్త బడిలో చేరిన వారానికే మైదానంలో నిలబడి దీన్ని చేయాల్సి రావచ్చు. వందలమంది వరసల్లో ఉంటారు. మైకులో లెక్క వినిపిస్తూ ఉంటుంది. టీచరు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చూడలేరు. ముందు వరసలో ఎవరో విల్లులా వంగిపోతారు. కొత్తవాళ్ళం కదా, మనమూ తక్కువ కాదని చూపించాలనిపిస్తుంది. నడుము పట్టేసేదీ, కళ్ళు తిరిగేదీ ఎక్కువగా అలాంటప్పుడే.

అందుకే ఈ పాఠంలో ఆసనం చేసే పద్ధతితో పాటు, మన హద్దును మనమే తెలుసుకునే పద్ధతి కూడా నేర్చుకుందాం. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే: హాయిగా ఊపిరి తీసుకుంటూ, ఎవరి సాయం లేకుండా తిరిగి రాగలిగినంత మేరకే వెనక్కి వెళ్ళాలి.

పేరు ఏం చెబుతోంది?

అర్ధం అంటే సగం. చక్రం అంటే మీకు తెలిసిందే. వెల్లకిలా పడుకుని, చేతులూ కాళ్ళూ నేలకు ఆనించి, ఒంటిని పైకెత్తి చేసేది చక్రాసనం. దానికి చాలా బలం, చాలాకాలం సాధన కావాలి. నిలబడి అందులో కొంత మాత్రమే చేస్తాం కనుక ఇది అర్ధ చక్రాసనం.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. అర్ధ కటి చక్రాసనం అని ఇంకొకటి ఉంది. కటి అంటే నడుము. అందులో ఒక చెయ్యి పైకెత్తి పక్కకు వంగుతాం. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది తికమక పడతారు. కొన్నిచోట్ల చేతులు రెండూ పైకెత్తి వెనక్కి వంగడాన్ని కూడా అర్ధ చక్రాసనం అనే పిలుస్తారు. కాబట్టి కొత్త బడిలో పేరు వినగానే వంగేయకండి. టీచరు చేసి చూపించేదాకా ఆగండి. చేతులు పైకెత్తి వంగినప్పుడు చేతుల బరువంతా నడుము మీద పడుతుంది, ఆసరా ఉండదు. అందుకే మొదట నేర్చుకునేవాళ్ళకు నడుముకు చేతులు ఆనించి చేసే పద్ధతే మంచిది.

వెన్నెముక ఎలా వంగుతుంది?

వెన్నెముక ఒకే కర్రలాంటి ఎముక కాదు. అది వెన్నుపూసల దండ. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, మొత్తం 24 పూసలు విడివిడిగా కదులుతాయి. వాటి కింద మరో 5 పూసలు పెద్దయ్యేసరికి ఒకే ఎముకగా కలిసిపోతాయి. చిట్టచివర తోకలా ఉండేవి మరికొన్ని చిన్న పూసలు. కదిలే పూసల మధ్య మెత్తటి బిళ్ళలు ఉంటాయి. వాటినే డిస్కులు అంటాం.

ఈ 24 పూసలూ వెనక్కి ఒకేలా వంగవు. మెడ పూసలు తేలిగ్గా వంగుతాయి. నడుము పూసలు కూడా బాగానే వంగుతాయి. మధ్యలో ఉన్న ఛాతీ పూసలకు మాత్రం రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, 12 జతల పక్కటెముకలు వాటికే అతుక్కుని ఉంటాయి. రెండోది, ఆ పూసల వెనక ఉన్న ముళ్ళలాంటి భాగాలు కిందికి వాలి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. వెనక్కి వంగేసరికి అవి ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి.

దీనివల్ల ఏమవుతుంది? ఏమీ ఆలోచించకుండా వెనక్కి వంగితే ఛాతీ కదలదు. వంపు అంతా నడుములో ఒకచోట, మెడలో ఒకచోట పడుతుంది. తలుపు బందు దగ్గర మాత్రమే మడత పడినట్టు శరీరం అక్కడే మడత పడుతుంది. చూసేవాళ్ళకు చాలా వంగినట్టే ఉంటుంది. కానీ బరువు మోసేది రెండు మూడు పూసలే.

ముందు పైకి సాగి, ఛాతీని ఎత్తి, తరువాత వంగితే వంపు ఎక్కువ పూసలకు పంచుకుంటుంది. పెళ్ళివారి వంటపాత్రను నలుగురు పట్టుకుంటే తేలిక, ఇద్దరే మోస్తే నడుం పట్టేస్తుంది. వెన్నెముకలోనూ అంతే.

ఎదిగే పిల్లలు ఎందుకు జాగ్రత్తపడాలి?

మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. ప్రతి నడుము పూస వెనక భాగంలో సన్నని ఎముక వంతెనలు ఉంటాయి. పదేపదే, బలంగా వెనక్కి వంగుతూ ఉంటే ఆ వంతెనలో సన్నని పగులు రావచ్చు. జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల్లో, క్రికెట్‌లో వేగంగా బంతి వేసే కుర్రాళ్ళలో డాక్టర్లు దీన్ని చూస్తుంటారు. ఎక్కువగా అన్నింటికన్నా కింద ఉన్న అయిదో నడుము పూసలో ఇది వస్తుంది. వెనక్కి వంగితే నొప్పి పెరగడం, విశ్రాంతి తీసుకుంటే తగ్గడం దీని గుర్తు.

ఇది విని భయపడకండి. రోజూ రెండు మూడుసార్లు మెల్లగా వంగడం వేరు, పందెం కట్టి బలంగా వంగడం వేరు. మెల్లగా చేస్తే ఈ ఆసనం మనకు మేలే చేస్తుంది. రోజంతా బెంచీ మీద ముందుకు వంగి రాస్తాం. ఇంటికొచ్చి ఫోను మీదికి వంగుతాం. బరువైన సంచి మోస్తూ ముందుకు వాలి నడుస్తాం. సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి పాఠశాల సంచుల విధానం చెబుతోంది. అంటే 40 కిలోల పిల్లకు 4 కిలోలు. ఇన్ని విధాలుగా ముందుకు ముడుచుకునే ఛాతీని, భుజాలను కాసేపు విప్పుకోవడానికి ఈ ఆసనం పనికొస్తుంది.

చేసే ముందు

1. భోజనం చేసి కనీసం మూడు గంటలైనా గడవాలి. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వచ్చే పీరియడ్‌లో చేయకండి.

2. చెప్పులు, బూట్లు, మేజోళ్ళు విప్పండి. నున్నటి గచ్చు మీద మేజోళ్ళతో నిలబడితే పాదం జారుతుంది. చాప ఉంటే అది కదలకుండా ఉందో లేదో చూసుకోండి.

3. ముందు ఒళ్ళు వెచ్చబడాలి. రెండు నిమిషాలు ఉన్నచోటే నడవండి. భుజాలు గుండ్రంగా తిప్పండి. నడుము మీద చేతులు వేసుకుని అటూ ఇటూ మెల్లగా తిరగండి.

4. వెనక బల్ల, స్తంభం, మెట్టు లేకుండా చూసుకోండి. వెనక వరసవాళ్ళకూ మీకూ మధ్య కనీసం చేయి చాచినంత దూరం ఉండాలి.

చేసే పద్ధతి

మొదటి మెట్టు: నిటారుగా నిలబడండి. రెండు పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. వేళ్ళు ముందుకు చూడాలి. బరువు మడమల మీద, వేళ్ళ మొదళ్ళ మీద సమానంగా ఉండాలి. మోకాళ్ళు నిటారుగా ఉండాలి గానీ వెనక్కి బిగదీయకూడదు.

రెండో మెట్టు: అరచేతులను నడుము కిందిభాగంలో, వెనక రెండు పక్కలా ఆనించండి. వేళ్ళు నేలవైపు ఉండాలి. మణికట్టు నొప్పిగా ఉంటే వేళ్ళు ముందుకు తిప్పి నడుమును పట్టుకోవచ్చు. మోచేతులు పక్కలకు విచ్చుకుపోకుండా వెనక్కి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంచండి. మోచేతులు వెనక్కి వెళ్ళగానే ఛాతీ దానంతటదే విచ్చుకోవడం మీకే తెలుస్తుంది.

మూడో మెట్టు: ఊపిరి పీల్చండి. ఇంకా వంగకండి. నడినెత్తికి దారం కట్టి ఎవరో పైకి లాగుతున్నట్టు వెన్నును సాగదీయండి. రొమ్ము ఎముకను పైకెత్తండి. ఊపిరి వదులుతూ ఆ ఎత్తును అలాగే నిలపండి. పొట్టను కొద్దిగా బిగించండి.

నాలుగో మెట్టు: మళ్ళీ ఊపిరి పీలుస్తూ ఛాతీ దగ్గర మొదలుపెట్టి మెల్లగా వెనక్కి వంగండి. తల చివరగా కదలాలి. చూపు గోడా కప్పూ కలిసేచోట, మైదానంలో అయితే ఎదురుగా ఉన్న చెట్టు కొమ్మ మీద నిలపండి. కళ్ళు మూయకండి. తుంటి కొద్దిగా ముందుకు జరగడం సహజమే, లేకపోతే వెనక్కి పడిపోతాం. దాన్ని కావాలని ముందుకు నెట్టవద్దు.

ఉమ్మడి క్రమంలో తలను వెనక్కి వదలమని ఉంటుంది. అది అలవాటు పడ్డవాళ్ళకు. మొదటి కొన్ని వారాలు తలను వేలాడదీయకండి. గడ్డానికీ గొంతుకూ మధ్య చోటు ఉండాలి, మెడ వెనక చర్మం మడత పడి నొక్కుకోకూడదు. అంతవరకు చాలు.

అయిదో మెట్టు: మామూలుగా ఊపిరి తీసుకుంటూ మూడు శ్వాసల సేపు ఉండండి. ఇది దాదాపు 10 సెకన్లు. ఉమ్మడి క్రమంలో 10 నుంచి 30 సెకన్ల దాకా ఉండవచ్చని చెప్పారు. కొత్తవాళ్ళకు 10 సెకన్లు సరిపోతాయి.

ఆరో మెట్టు: తిరిగి రావడం. మడమలను నేలకు నొక్కండి. పొట్టను బిగించండి. ఊపిరి పీలుస్తూ ముందు ఛాతీని, ఆఖరున తలను పైకి తీసుకురండి. చేతులు కిందికి దించి రెండు శ్వాసలు నిటారుగా నిలబడండి. ఆ తరువాతే ఇంకోసారి చేయండి. రెండుసార్లు చాలు.

వెనక్కి వంగి లేచిన వెంటనే గబుక్కున ముందుకు వంగి కాళ్ళు పట్టుకోవడం కొందరికి అలవాటు. అలా చేయకండి. వెన్నెముకకు మధ్యలో నిటారుగా నిలిచే సమయం ఇవ్వాలి.

మన హద్దు మనకెలా తెలుస్తుంది?

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. వంగి ఉన్నప్పుడు మెల్లగా, పైకి వినపడేటట్టు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు అనండి. ఏక్, దో, తీన్ అనండి. మైసూరులో ఉంటే ఒందు, ఎరడు, మూరు అనండి. ఏ భాషలో అయినా సరే, గొంతు మామూలుగా ఉండాలి. గొంతు బిగుసుకున్నా, మాట మధ్యలో ఆగినా, ఊపిరి బిగబట్టినట్టు అనిపించినా మీరు హద్దు దాటారన్నమాట. నాలుగు వేళ్ళ మేర వెనక్కి తగ్గండి, మళ్ళీ లెక్కపెట్టండి.

ఊపిరి బిగబట్టడం ఎందుకు మంచిది కాదు? బిగబట్టి కండరాలు గట్టిపరిస్తే ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం కాసేపు తగ్గుతుంది. వదలగానే తల తేలిపోయినట్టు ఉంటుంది. దీనికి తోడు చెవి లోపల మూడు అర్ధవలయాకార నాళాలు ఉంటాయి. వాటిలోని ద్రవం కదలికను బట్టే తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుస్తుంది. తలను విసురుగా వెనక్కి వేస్తే ఆ ద్రవం ఒక్కసారిగా కదిలి కళ్ళు తిరుగుతాయి. అందుకే మెల్లగా వంగాలి, చూపును ఒకచోట నిలపాలి.

ఆసనం స్థిరంగానూ ఉండాలి, సుఖంగానూ ఉండాలి అని పతంజలి యోగసూత్రాల్లో చెప్పాడు. ఈ రెండూ కలిసి ఉండాలన్నదే మన పరీక్ష కూడా. కాళ్ళు వణకకపోతే స్థిరం. గొంతు బిగుసుకోకపోతే సుఖం.

చేయకూడనివి

మోకాళ్ళు వంచి, దాన్నే వెన్ను వంపు అనుకోకూడదు. అద్దంలో పక్కనుంచి చూసుకుంటే తేడా తెలుస్తుంది.

పక్కవాళ్ళను తోయకూడదు, వాళ్ళ భుజాలు పట్టి వెనక్కి లాగకూడదు. సాయం చేయాలనుకుంటే పక్కన నిలబడి, పడబోతే పట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి.

"నీకన్నా నేనే ఎక్కువ వంగాను" అన్న పందెం పెట్టుకోకూడదు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు. పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉండేవాళ్ళు తేలిగ్గా వంగుతారు. అలాంటివాళ్ళకు తెలియకుండానే హద్దు దాటే అవకాశం ఎక్కువ కనుక వాళ్ళే మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఎవరు మానేయాలి?

నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు, తరచూ కళ్ళు తిరిగేవాళ్ళు, చెవిపోటు ఉన్నవాళ్ళు, జ్వరం వచ్చి తగ్గినవాళ్ళు ఆ రోజుల్లో చేయకూడదు. కడుపుకు ఆపరేషన్ అయినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరు సరేనన్నాకే చేయాలి. ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో మీరు నేర్పించాలనుకుంటే, రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్ళు చాలా జాగ్రత్తగా వంగాలని గుర్తుంచుకోండి. ముందు డాక్టరును అడగమనండి.

చేస్తుండగా నడుములో సూదితో పొడిచినట్టు నొప్పి వచ్చినా, కాళ్ళలోకి తిమ్మిరి పాకినా వెంటనే ఆపేయాలి. వెనక్కి వంగినప్పుడల్లా ఒకేచోట నొప్పి వస్తూ, వారం రెండు వారాలైనా తగ్గకపోతే ఇంట్లో చెప్పి డాక్టరుకు చూపించుకోవాలి.

కొత్త ఊరికి వెళ్ళినప్పుడు

బదిలీ అంటే రైల్లో ఒకటి రెండు రాత్రులు కూర్చుని, ముడుచుకుని పడుకుని వెళ్ళే ప్రయాణం. దిగిన రోజే వెన్ను వంచకండి. ఒకటి రెండు రోజులు నడవండి, ఒళ్ళు సర్దుకోనివ్వండి.

చలి ప్రదేశాల్లో కండరాలు బిగుసుకుని ఉంటాయి. అక్కడ ఒళ్ళు వెచ్చబరచుకోవడానికి రెండు నిమిషాలు చాలవు, అయిదు నిమిషాలైనా కావాలి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తుకు కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఊపిరి అందదు, తల తిరుగుతుంది. అలవాటు పడేదాకా మొదటి కొద్దిరోజులు ఆసనాలు పక్కన పెట్టి విశ్రాంతి తీసుకోవాలి. చెన్నై, విశాఖ వంటి ఉక్కపోత ఊళ్ళలో ఎండెక్కకముందే చేయడం మంచిది.

కొత్త చోట భాష కూడా ఒక ఇబ్బందే. నొప్పి ఉందని చెప్పడం రాక చాలామంది పళ్ళు బిగించి చేసేస్తారు. ఈ మూడు మాటలు నేర్చుకోండి. "సర్, మేరీ కమర్ మేఁ దర్ద్ హై" అంటే నడుము నొప్పిగా ఉంది. "మేడమ్, ముఝే చక్కర్ ఆ రహా హై" అంటే కళ్ళు తిరుగుతున్నాయి. "మైఁ ఆజ్ యే ఆసన్ నహీఁ కరూఁగా" అంటే ఈ రోజు ఈ ఆసనం చేయను. ఆడపిల్లలయితే కరూఁగీ అనాలి. ఇందులో చక్కర్ అన్నమాట మన చక్రం నుంచి వచ్చినదే. తెలుగు చక్కరతో కలిపేసుకోకండి, పంచదార కావాలని అడుగుతున్నారనుకునేరు!

చేయలేనని చెప్పడంలో చిన్నతనం లేదు. ఆ ఒక్కరోజు ఆగితే మళ్ళీ రేపు చేయవచ్చు. నడుము పట్టేస్తే నెలరోజులు ఆటకు కూడా దూరమవుతాం.

మన భాషలో వెన్ను, నడుము

వెన్ను తట్టడం: మెచ్చుకుని ప్రోత్సహించడం.
వెన్నుదన్ను: వెనక నిలిచే అండ.
వెన్ను చూపడం: భయపడి పారిపోవడం.
నడుం బిగించడం: పనికి సిద్ధమవడం.
నడుం వాల్చడం: కాసేపు పడుకోవడం.

వెన్ను చూపడం, నడుం బిగించడం అన్న మాటలు ఉన్నాయి గదా అని మైదానంలో పౌరుషానికి పోకండి. ఈ ఆసనంలో వెనక్కి తగ్గడం కూడా తెలివైన పనే.

అభ్యాసం

1. వెన్నెముకలో విడివిడిగా కదిలే పూసలు ఎన్ని? ఏ భాగంలో ఎన్ని ఉన్నాయి?

2. ఛాతీ భాగం వెనక్కి తక్కువగా వంగడానికి రెండు కారణాలు రాయండి.

3. వంగే ముందు పైకి ఎందుకు సాగాలి? మీ మాటల్లో చెప్పండి.

4. అర్ధ చక్రాసనానికీ అర్ధ కటి చక్రాసనానికీ తేడా ఏమిటి?

5. "నడుము నొప్పిగా ఉంది", "కళ్ళు తిరుగుతున్నాయి" అన్న రెండు మాటలనూ మీరున్న రాష్ట్రం భాషలో ఎలా అంటారో పక్కింటివాళ్ళనో, స్నేహితులనో అడిగి తెలుసుకోండి. తెలుగు లిపిలో రాసి నోటు పుస్తకంలో దాచుకోండి.

6. ఒక వారం రోజులు ఆసనం చేసి, మూడు అంకెలూ మామూలు గొంతుతో లెక్కపెట్టగలిగారో లేదో రోజూ రాసుకోండి. ఎంత వంగారో రాయనక్కర్లేదు.